నల్ల రంగేస్తే అంతరిక్షం అయిపోదు

మా అక్క కూతురికి పదకొండేళ్లు. వాళ్లది సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే వాళ్ల మేడ మీద నుంచే కనపడుతుంది, కాసేపటికి చప్పుడు కూడా వినపడుతుంది. పోయిన వేసవి సెలవులకి హైదరాబాద్ వచ్చి నెల రోజులు మా ఇంట్లో ఉంది. వచ్చిన రెండో రోజే నా లాప్‌టాప్ లాక్కుని, "మామయ్యా, నేనో స్పేస్ ఆబీ చేశా, ఆడి చూడు" అంది.

ఆడా. నల్లటి ఆకాశం, నిండా చుక్కలు. ఒక పక్క శనిగ్రహం, దాని చుట్టూ వలయాలు. గాల్లో తేలే బూడిద రంగు రాళ్ల మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతూ పోవాలి. మధ్యమధ్యలో ఎర్రగా మెరిసే దిమ్మెలు, తాకితే చచ్చిపోతాం. మొత్తం ముప్పై స్టేజీలు. ఆరోదాంట్లో పదిసార్లు పడ్డాను. పదకొండోసారి పడుతుంటే అనుమానం వచ్చింది.

"మనం చంద్రుడి మీద ఉన్నాం కదా, మరి ఇంత దబ్బున పడిపోతున్నానేంటి?"

తను నావైపు జాలిగా చూసింది. "ఆబీ అంటే అంతే మామయ్యా."

ఈ వ్యాసం ఆ "అంతే" మీద.

నా వాదన ముందే చెప్పేస్తా. అంతరిక్షం పేరు పెట్టుకున్న ఇలాంటి ఆటల్లో చాలావాటికి అంతరిక్షంతో ఏ సంబంధమూ లేదు. నేల మీది ఆటకే నల్ల రంగు కొట్టి వదిలేస్తారు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. వాటిల్లో అడ్డంకి కూడా నిజం అడ్డంకి కాదు, టోల్‌గేటు. డబ్బులు కడితే లేస్తుంది. ఈ రెండు జబ్బులకీ మూలం ఒకటే అని నా నమ్మకం: చేసినవాడికి తను పెట్టిన అడ్డంకి మీద గౌరవం లేకపోవడం. రెండో జబ్బు గురించి మాట్లాడే అనుభవం నాకెలా వచ్చిందో కూడా చెప్తాను. అదేం గర్వంగా చెప్పుకునే సంగతి కాదు.

*

సాహిత్యం చదువుకునే చోట ఈ పిల్లల ఆటల గోలేంటని విసుక్కునేవాళ్లు ఉంటారు. వాళ్లతోనే ముందు నా తగువు. నేను పుస్తకావిష్కరణ సభలకి వెళ్తుంటాను. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు మైకు ముందుకొచ్చి, పిల్లలు కథలు మానేసి ఫోన్లలో ఆటలు ఆడుతున్నారని వాపోతారు. హాలంతా తలలూపుతుంది. నాకు లేచి ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది: ఆ ఆటల్లో ఒక్కటైనా మీరు ఆడారా సార్? చదవని పుస్తకాన్ని తిట్టే విమర్శకుణ్ణి మనం ఏమంటాం? ఆ మాట ఇక్కడెందుకు వర్తించదు?

ఆటలన్నీ గొప్ప కళ అని నేననడం లేదు. చెత్త ఆటని చెత్త అనాలన్నా, ఎందుకు చెత్తో చెప్పడానికి దాని వ్యాకరణం తెలియాలి. తెలియకుండా తిడితే ఆ తిట్టు ఎవరికీ తగలదు. మంచి ఆట చేసినవాడూ, పిల్లల జేబులు కొట్టేవాడూ ఒకే తిట్టు తిని ఒకేలా నవ్వుకుంటారు.

రాబ్లాక్స్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 2006లో జనంలోకి వచ్చింది. డేవిడ్ బజూకీ, ఎరిక్ కాసెల్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఇది ఒక ఆట అనుకుంటారు గానీ, నిజానికి జనం తయారుచేసిన ఆటలన్నీ ఉండే లోకం. స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దిమ్మెలు పేర్చి, నాలుగు లైన్ల కోడ్ రాస్తే ఎవరైనా ఒక ఆట చేసి లోకం మీదికి వదలొచ్చు. ఆ కోడ్ భాష పేరు లువావ్. అది బ్రెజిల్‌లో 1993లో పుట్టిన లువా అనే భాషకి వారసురాలు. పోర్చుగీసులో లువా అంటే చందమామ. అంటే ఆ లోకంలో ఎంత చెత్త ఆట చేసినా చందమామ వారసురాలి భాషలోనే చేయాలి. మా మేనకోడలికి ఈ సంగతి చెప్తే తెగ నచ్చింది.

ఆ లోకంలో బాగా వేళ్లూనుకున్న ప్రక్రియ ఆబీ, అంటే అడ్డంకుల దారి. దూకాలి, తప్పుకోవాలి, పడితే మళ్లీ మొదలెట్టాలి. దీనికి చాలా చిన్న వ్యాకరణం ఉంది: నిలబడే చోటు, ఖాళీ, తాకితే చచ్చే దిమ్మె, చచ్చాక మళ్లీ పుట్టే చెక్‌పాయింట్. ఈ నాలుగింటితోనే అన్నీ చేస్తారు. టవర్ ఆఫ్ హెల్ అనే బాగా పేరున్న ఆబీ అయితే ఈ నాలుగింట్లో ఒకదాన్ని, చెక్‌పాయింట్‌ని, తీసి పారేసింది. పడితే అంతే, మళ్లీ అడుగు నుంచి. ఒక్క నియమం తీసేస్తే ఆట రుచే మారిపోయింది. ఛందస్సు తెలిసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

మనకీ ఈ రకం ఆటలు కొత్త కాదు. తొక్కుడుబిళ్ల అడ్డంకుల దారే కదా. సుద్దముక్కతో గీసిన గీతే చావు. ఇంకా మంచి ఉదాహరణ వైకుంఠపాళి. దాని ఇతివృత్తం పాపపుణ్యాలు. ఆ ఇతివృత్తం ఎక్కడుంది? బొమ్మల్లో ఉందంటారా? బొమ్మలు చెరిపేసి చూడండి. నిచ్చెన ఎక్కిస్తుంది, పాము దించేస్తుంది, పైకి వెళ్లే కొద్దీ పడేది ఎక్కువ. ఎనిమిదేళ్ల పిల్లకి ఒక్క నీతివాక్యం చెప్పక్కర్లేదు, వైకుంఠం గుమ్మం ముందు పెద్దపాము మింగినప్పుడు తనకే అర్థమవుతుంది. ఇతివృత్తాన్ని నియమంలో పెట్టడమంటే అదీ. ఆ పని ఎవరో ఎప్పుడో గవ్వలతో, గీతలతో చేసి చూపించారు. మనమేమో ఇంత పెద్ద కంప్యూటర్ పెట్టుకుని గోడకి రంగేస్తున్నాం.

*

ఆ రంగు ఎలా వేస్తారో చూద్దాం. స్టూడియోలో ఆకాశానికి ఒక వస్తువు ఉంటుంది. దానికి నల్లటి బొమ్మలు తొడిగితే రాత్రవుతుంది. నేల పలకని తీసేస్తే శూన్యం. రాళ్లకి బూడిద రంగు. అయిపోయింది అంతరిక్షం. ఈ వ్యాసం కోసం నేను పాతిక దాకా స్పేస్ ఆబీలు ఆడాను. గురుత్వాకర్షణని ముట్టుకున్నవి మూడు. మిగతావాటికి అడవి బొమ్మలు తగిలిస్తే అడవి, మిఠాయి బొమ్మలు తగిలిస్తే మిఠాయి లోకం. ఒక్క గెంతు కూడా మార్చక్కర్లేదు.

గురుత్వాకర్షణ మార్చడం కష్టమా? అది ఒకే ఒక్క అంకె. రాబ్లాక్స్‌లో మామూలుగా 196.2 ఉంటుంది. మన 9.81ని 20తో హెచ్చిస్తే వచ్చేది. కాబట్టి చంద్రుడి 1.62ని 20తో హెచ్చించండి: 32.4. ఆ అంకె కొట్టి ఎంటర్ నొక్కడమే. అరనిమిషం పని. మరి ఎందుకు చేయరు?

ఎందుకంటే అది మారిస్తే మిగతాదంతా కూలిపోతుంది. లెక్క చూడండి. రాబ్లాక్స్‌లో దూరాన్ని స్టడ్లలో కొలుస్తారు. బొమ్మ సెకనుకి 16 స్టడ్లు నడుస్తుంది. దూకే బలాన్ని మామూలుగా వాడే 50 దగ్గర పెడితే, భూమి గ్రావిటీలో లెక్క ప్రకారం దాదాపు 6.4 స్టడ్ల ఎత్తుకి లేస్తుంది, అరసెకను గాల్లో ఉంటుంది, ఎనిమిది స్టడ్లు దాటుతుంది. అదే బలంతో చంద్రుడి మీద 38 స్టడ్ల పైన లేస్తుంది, మూడు సెకన్లు గాల్లో ఉంటుంది, 49 స్టడ్లు దాటుతుంది. అంటే మా మేనకోడలు వారం రోజులు కూర్చుని పేర్చిన ముప్పై స్టేజీల మీద నుంచి పిట్టలా ఎగిరిపోవచ్చు. తన కష్టమంతా ఒక్క అంకెతో బూడిద.

నేను అంకె మార్చి చూపించినప్పుడు తను ఏడుపు మొహం పెట్టింది. "పాడు చేశావు" అంది. నిజమే, పాడు చేశా. కానీ ఆ పాడులోంచే అసలు పని మొదలైంది. చంద్రుడి మీద కష్టం ఏంటి? దూరం మాత్రం కాదు, దూరం అక్కడ తేలిక. మరి?

దానికి జవాబు చంద్రుడి మీదికి వెళ్లొచ్చినవాళ్ల దగ్గర ఉంది. 1972 ఏప్రిల్‌లో అపోలో 16లో వెళ్లిన ఛార్లెస్ డ్యూక్ అక్కడ సరదాగా హైజంప్ చేయబోయాడు. వీపు మీది సంచీ బరువుకి గాల్లోనే వెనక్కి వాలిపోయి వెల్లకిలా పడ్డాడు. ఆ సంచీలోనే ఆయన ఊపిరి ఉంది. అది పగిలి ఉంటే కథ అక్కడే ముగిసేది. భయమేసిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ పడే వీడియో తనకి చూపించా. తను నవ్వలేదు. "పడుతున్నానని తెలిసి కూడా ఏం చేయలేడు కదా, అంత సేపూ" అంది.

నాకు ఆ మాటతో దారి దొరికింది. నేల మీద భయమంతా గెంతుకి ముందు ఉంటుంది. చంద్రుడి మీద అది గెంతు మధ్యలోకి వస్తుంది. మూడు సెకన్లు గాల్లో ఉంటావు. ఎక్కడ దిగబోతున్నావో కనపడుతూనే ఉంటుంది. ఎర్ర దిమ్మె మెల్లగా అటే జరుగుతూ కూడా కనపడుతుంది. ఇంక ఆ మూడు సెకన్లూ మనవే, ఏం చేసుకుంటావో చేసుకో.

తర్వాత పై కప్పులు పెట్టాం. దూకితే నెత్తి వెళ్లి ఎర్రటి దూలానికి తగులుతుంది. రాబ్లాక్స్‌లో మీట మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా గెంతు ఒకటే, తక్కువ దూకడం కుదరదు. ఇక్కడ నేను ఇరుక్కుపోయా. తనే కనిపెట్టింది: "దూకక్కర్లేదు మామయ్యా, నడిస్తే చాలు." నిజమే. అవతలి గట్టు ఐదు స్టడ్లు కిందికి ఉంటే, భూమ్మీద అంచు నుంచి అలా నడిచి జారిపోతే నాలుగు స్టడ్ల దూరం కూడా పోము. చంద్రుడి మీద దాదాపు తొమ్మిది పోతాం. దూకే ఆటలో దూకకపోవడమే దారి అయిన స్టేజి అది. నల్ల రంగుతో ఇది పుట్టదు. 32.4తో పుట్టింది.

ఇంకో సంగతి. ఈ ఆటల్లో పడితే కిందికి పడతాం. రాబ్లాక్స్ లోకానికి మామూలుగా మైనస్ 500 దగ్గర ఒక కనపడని గీత ఉంటుంది, అది దాటితే చావు. ఊళ్లో బావిలో పడ్డట్టు అంతరిక్షంలో పడతామా? అక్కడ కింద ఏది? వ్యోమనౌక బయట ఉన్నవాడి భయం పడిపోవడం కాదు, కొట్టుకుపోవడం. 1965 మార్చి 18న అలెక్సీ లియొనోవ్ మొట్టమొదటిసారి బయట శూన్యంలోకి వచ్చి దాదాపు పన్నెండు నిమిషాలున్నాడు. తిరిగి లోపలికి పోబోతే సూట్ బూరలా ఉబ్బిపోయింది. సూట్‌లో గాలి కొంచెం కొంచెం వదిలేసి, ప్రాణం పణంగా పెట్టి లోపలికి దూరాడు. ఇంతకంటే మంచి స్టేజి ఏ డిజైనర్ ఊహించగలడు? మేం దాన్ని అలాగే పెట్టేశాం. గోడని ఒక్కసారి తన్నితే అదే వేగంతో పోతూనే ఉంటావు, ఆగడం నీ చేతిలో లేదు. తలుపు దగ్గరికొచ్చాక గాలి వదిలితే ఒళ్లు చిన్నదవుతుంది, పైన ఆక్సిజన్ పట్టీ కూడా తగ్గుతుంది. ఎంత వదలాలో నీ ఇష్టం.

గురుగ్రహం దగ్గర నేను తప్పు చేశా. 24.8ని 20తో హెచ్చించి 496 పెట్టా. గెంతు రెండున్నర స్టడ్లకి పడిపోయింది. మూడు స్టడ్ల మెట్టు కొండైపోయింది. నాకు భలే నచ్చింది. తను ఒప్పుకోలేదు. "గురుగ్రహానికి నేలే లేదుగా, అంతా గ్యాస్. నిలబడేది దేని మీద?" పదకొండేళ్ల పిల్ల బొమ్మలు అంటించడం మానేసి వాస్తవాన్ని అడుగుతోంది. మొదటి రోజు "ఆబీ అంటే అంతే" అన్న పిల్లే. నియమం ఒకటి మారితే అడిగే ప్రశ్న మారుతుందని నేను పెద్ద పుస్తకాల్లో చదివాను. ఇక్కడ మా డైనింగ్ టేబుల్ దగ్గర చూశాను. ఆ స్టేజిని మబ్బుల్లో తేలే బుడగల మీదికి మార్చాం.

ముప్పై స్టేజీలు పోయి పన్నెండు మిగిలాయి. ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు.

*

ఇప్పుడు నా తప్పు గురించి.

నా ఉద్యోగంలో నేను చేసేదేంటంటే, జనం ఏ బటన్ దగ్గర ఆగుతున్నారో, ఏ బటన్ ఎక్కడ పెడితే కొంటున్నారో లెక్కలు కట్టడం. ఎక్కడ విసిగిస్తే జనం డబ్బు కట్టి ఆ విసుగు వదిలించుకుంటారో నాకు బాగా తెలుసు. ఆబీల్లో దీనికి ఒక స్థిరమైన రూపం ఉంది. తెర పక్కన ఒక బటన్: స్కిప్ స్టేజ్. నొక్కితే ఇన్ని రోబక్స్ అని అడుగుతుంది. కడితే తర్వాతి స్టేజిలో ఉంటావు. రోబక్స్ ఆ లోకపు డబ్బు, కానీ దాన్ని కొనేది మన డబ్బుతోనే. అందులో ముప్పై శాతం వేదిక ఉంచుకుని మిగతాది ఆట చేసినవాడికి ఇస్తుంది.

ఒక రాత్రి తను పడుకున్నాక నేను ఆ బటన్ పెట్టాను. ఇరవై ఐదు రోబక్స్. డబ్బు కోసం కాదు, ఊరికే చూద్దామని, అని నాకు నేను చెప్పుకున్నా. తర్వాత ఏడో స్టేజిలో ఖాళీని 42 నుంచి 48 స్టడ్లకి పెంచాను. లెక్క ప్రకారం దాటొచ్చు, 49 దాకా పోతుంది కదా. సరిగ్గా అంచు మీద, సరిగ్గా క్షణంలో నొక్కితే. అంటే దాటలేరు. కానీ దాటగలిగేట్టు కనిపిస్తుంది. ఇందులోని మోసమంతా ఆ "కనిపించడం"లో ఉంది.

మర్నాడు తను కింది అంతస్తులో ఉండే అబ్బాయికి ఆట లింక్ ఇచ్చింది. వాడికి తొమ్మిదేళ్లుంటాయి. ఆ సాయంత్రం వాడు మా ఇంటి బెల్ కొట్టాడు. చేతిలో రెండు ఇరవై రూపాయల నోట్లు, కొంత చిల్లర.

"అంకుల్, మా అమ్మ కార్డు ఇవ్వనంది. ఇది మీకిస్తా, ఏడోది దాటించరా?"

ఎన్నిసార్లు ప్రయత్నించావురా అని అడిగా. "నిన్న స్టార్ట్ చేశా... కాదు, పొద్దున. లెక్క మర్చిపోయా" అన్నాడు. వేళ్లు చూసుకుంటూ, "నాకు రావట్లేదంకుల్" అన్నాడు.

నాకు రావట్లేదు. నేను రాకుండా చేశాను, వాడేమో తనకి రావట్లేదనుకుంటున్నాడు. నా వెనక మా మేనకోడలు నిలబడి ఉంది. వాడు వెళ్లాక స్టూడియో తెరిచి ఏడో స్టేజి కొలిచింది.

"నలభై రెండు పెట్టా కదా మామయ్యా. నువ్వు పెంచావా?"

నేను ఏదో చెప్పబోయా. ఆఫీసులో అయితే దీనికి మంచి మంచి మాటలున్నాయి. ఇంట్లో ఒక్కటీ పనికిరాలేదు.

*

ఆ బటన్‌ని సమర్థించేవాళ్ల వాదనలు నాకు తెలుసు, అవి నేనే చేశాను కాబట్టి.

మొదటిది: ఎవర్నీ బలవంతం చేయట్లేదుగా, ఇష్టమైతేనే కొంటారు. అలాగే అనుకుందాం. మరి మీ ఆటలో ఏ స్టేజి దాటేసినా ఆటకి ఏమీ కాదా? కాకపోతే ఆ స్టేజి ఎందుకు పెట్టారు? కథలో ఒక పేజీ తీసేసినా కథ చెక్కుచెదరకపోతే ఆ పేజీ రాసినవాణ్ణి మనం ఉతికి ఆరేస్తాం. ఇక్కడ ఆ పేజీ చదవకుండా ఉండడానికి రేటు పెడుతున్నారు! నియమాన్ని పట్టించుకోని ఆటలోనే ఈ బేరం సాగుతుంది. ముప్పై స్టేజీలూ ఒకేలా ఉన్నప్పుడు పంతొమ్మిదోది పోతే ఎవడికి తెలుస్తుంది? అందుకే అంటున్నా, నల్ల రంగూ స్కిప్ బటనూ ఒకే చెట్టు కాయలు. స్టేజికి అర్థం లేదని ఒప్పుకున్నాకే దాన్ని దాటేయడం అమ్మగలం.

రెండోది కాస్త బరువైనది. కొందరు పిల్లలకి చేతులు అంత వేగంగా ఆడవు. కొందరికి కళ్లు సరిగా కనపడవు. వాళ్లకి దాటే దారి ఉండొద్దా? తప్పకుండా ఉండాలి. కానీ దానికి డబ్బు ఎందుకు? 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆట చూడండి. కొండ ఎక్కే ఆట, మామూలు కష్టం కాదది. అందులో సహాయం అని ఒక ఏర్పాటు ఉంది. ఆట వేగం తగ్గించుకోవచ్చు, అలసిపోకుండా ఎక్కొచ్చు, కావాలంటే అధ్యాయమే దాటేయొచ్చు. పైసా అడగదు. కష్టం మీద గౌరవం, ఆడేవాడి మీద గౌరవం, రెండూ ఒకే ఆటలో ఉండొచ్చని అది చూపించింది. చేతులు ఆడని పిల్లల పేరు చెప్పి చేతులు బాగా ఆడే పిల్లల దగ్గర డబ్బు గుంజడం, వికలాంగుల పాసు చూపించి సినిమా టికెట్లు బ్లాక్‌లో అమ్ముకోవడం లాంటిది.

మూడోది: చేసినవాడు బతకాలి కదా. బతకాలి. అయితే ఇక్కడ సర్వర్ల ఖర్చు చేసినవాడిది కాదు, వేదికదే. టోపీలు అమ్మండి, వెనకాల మెరిసే తోకలు అమ్మండి, మంచి స్టేజీలు ఇంకో పది చేసి అవీ అమ్మండి. ఉన్నది అమ్ముకుంటే తప్పులేదు. ముందు దారికి అడ్డంగా రాయి దొర్లించి, తర్వాత ఆ రాయి జరపడానికి కూలి అడిగే పని గురించే నా గొడవ.

రాబ్లాక్స్ మీద ఇంతకంటే పెద్ద విమర్శలున్నాయి. పిల్లల భద్రత గురించి, పిల్లలు చేసిన పని మీద వచ్చే ఆదాయం గురించి. 2024లో టర్కీ దాన్ని ఆపేసింది కూడా. ఆ విమర్శలు చిన్నవి కావు, పక్కన పెట్టదగ్గవీ కావు. కానీ అవి వేదికని అడగాల్సినవి. నేను అడుగుతున్నది చేసేవాళ్లని, అంటే నాలాంటివాళ్లని. ఏడో స్టేజిలో ఆరు స్టడ్లు పెంచమని నాకు ఏ కంపెనీ చెప్పలేదు.

*

నలభై రెండుకి దించాం. బటన్ తీసేశాం. చిల్లర తెచ్చిన అబ్బాయిని పిలిచి, అది నీ తప్పు కాదు, నేనే దాటలేకుండా పెట్టానని చెప్పాను. వాడు అర్థమైనట్టే తలూపాడు గానీ, నమ్మాడో లేదో. పిల్లలకి మనం ఒకసారి "నీకు రాదు" అని నేర్పితే, అది తప్పని చెప్పడానికి ఒక్క మాట సరిపోదు. రెండ్రోజుల తర్వాత ఏడోది దాటాడు. బెల్ కొట్టి చెప్పి మరీ వెళ్లాడు.

చివరి స్టేజి ఏం పెట్టాలో తేల్చుకోకుండానే సెలవులైపోయాయి. వెళ్లేముందు తను చంద్రయాన్ గురించి అడిగింది. 2019 సెప్టెంబర్‌లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ దిగాల్సిన వేగంతో దిగలేక గుద్దుకుంది. అప్పుడు తను మరీ చిన్నది, గుర్తులేదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం మాత్రం టీవీలో చూసింది. రెండిటికీ తేడా ఏంటంది. చెప్పాను. మొదటిసారి అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు స్థలంలో దిగాలనుకున్నారు. రెండోసారి దాన్ని నాలుగు కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్లకి పెంచారు. కాళ్లు గట్టివి పెట్టారు. ఇంధనం ఎక్కువ పోశారు. ఏది ఎలా తప్పు పోవచ్చో ముందే రాసుకుని, దాని చుట్టూ డిజైన్ చేశారు. పడిన స్టేజిలోంచే తర్వాతి స్టేజి చేశారన్నమాట.

నెల తర్వాత సూళ్లూరుపేట నుంచి మెసేజ్ వచ్చింది: "లాస్ట్ స్టేజ్ అయింది, ఆడు."

ఆడా. పదకొండు స్టేజీలు దాటి వెళ్తే, బూడిద నేల మీద ఒక ల్యాండర్. చుట్టూ ఏమీ లేదు. అగాధాలు లేవు, ఎర్ర దిమ్మెలు లేవు. ముందు ఒక చిన్న గీత, అడుగున్నర దూరం కూడా ఉండదు. ఇంతేనా అనుకుని దూకాను. చచ్చిపోయాను. మళ్లీ దూకా, మళ్లీ చచ్చా. ఐదోసారికి ఫోన్ చేశా.

"ఇదేంటమ్మా, ఇంత చిన్నది దూకితే చావడమేంటి?"

"విక్రమ్ అక్కడ దూకింది కదా మామయ్యా, తెలీదా నీకు? నలభై సెంటీమీటర్లు పైకి లేచి పక్కన దిగింది. టీచర్ చెప్పింది."

తెలుసు. 2023 సెప్టెంబర్ 3న. అంత దూరం వెళ్లి అది వేసిన ఒకే ఒక్క గెంతు.

"తెలుసులే. మరి నేనెందుకు చస్తున్నా?"

"అది దూకేముందు ర్యాంప్ మడిచింది, బయట పెట్టిన పరికరాలు కూడా లోపలికి లాక్కుంది. నువ్వు ఏదీ మడవకుండా దూకేస్తున్నావు."

వెళ్లి చూశా. ర్యాంప్ అలాగే బయటికి చాచి ఉంది. పక్కనే ఒక చిన్న మీట, ఐదుసార్లూ నాకు కనపడలేదు.